ఘన ఉపరితలాల మీద వాటంతట అవే ఏర్పడే నానో ప్యాటర్న్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు నుంచి నర్సాపురం, భీమవరం దాకా డెల్టా కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలు సెమినార్ అనగానే "నానో" అనే మాట ఉన్న టాపిక్ వెతుక్కుంటారు. వాళ్లలో కొందరు ఈ టాపిక్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. క్లాసులో, ఫోన్లో, బస్టాండ్‌లో నిలబెట్టి కూడా వాళ్లు అడిగిన ప్రశ్నల్ని, వాళ్ల అమ్మానాన్నలు అడిగిన ఒకటి రెండింటిని కలిపి ఇక్కడ రాశాను. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్లు ఎవరైనా చదవొచ్చు. ఫార్ములాలు మాటల్లోనే ఉన్నాయి.

ఈ సబ్జెక్టు దేని గురించి?

అద్దంలా నునుపుగా ఉన్న సిలికాన్ పలకను వాక్యూమ్‌లో పెట్టి, దాని మీదికి ఆర్గాన్ అయాన్లను వంపుగా, ధారగా పంపుతారు. కొన్ని నిమిషాల తర్వాత బయటికి తీసి చూస్తే కంటికి తేడా ఏమీ తెలియదు. సన్నటి మొనతో ఉపరితలాన్ని తడిమి ఎత్తుపల్లాలు చూపే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కింద పెడితే మాత్రం పలక నిండా వరసగా అలలు కనిపిస్తాయి. ఒక మిట్టకూ పక్క మిట్టకూ మధ్య దూరం కొన్ని పదుల నానోమీటర్లు. ఆ గీతలు ఎవరూ గీయలేదు. స్టెన్సిల్ లేదు, మాస్క్ లేదు. అయాన్ ధార అంతటా ఒకేలా పడింది, అయినా ఉపరితలం ఒకేలా మిగల్లేదు.

ఇలా వాటంతట అవే ఏర్పడడాన్ని సెల్ఫ్ ఆర్గనైజేషన్ అంటారు. ఏర్పడడం ఒక వింతైతే, మనకు కావలసిన దూరంలో, కావలసిన దిక్కులో, వీలైనంత క్రమంగా ఏర్పడేలా చేయడం అసలు పని. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

దీన్ని మొదట ఎవరు చూశారు?

అయాన్లు తగిలితే ఘనపదార్థం అరిగిపోతుందని 1852లోనే గ్రోవ్ గమనించాడు. దాన్నే స్పట్టరింగ్ అంటాం. అలలు కనిపించింది 1962లో. ఫ్రాన్స్‌లో నవేజ్, సెల్లా, షాపెరో అనే ముగ్గురు గాజు మీదికి 4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల అయాన్లను పంపి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. ధార పడే కోణం మారిస్తే అలల దిక్కు మారడాన్ని కూడా వాళ్లే గుర్తించారు. కారణం చెప్పడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1988లో బ్రాడ్లీ, హార్పర్ ఇచ్చిన సిద్ధాంతం దగ్గరే ఇప్పటికీ అందరూ పాఠం మొదలుపెడతారు.

అంతటా సమానంగా కొడితే అంతటా సమానంగానే అరగాలి కదా సార్, అలలు ఎందుకు వస్తాయి?

నన్ను ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పమంటే దీన్నే ఎంచుకుంటాను.

ఒక్క అయాన్‌ని తీసుకుందాం. 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి ఉన్న ఆర్గాన్ అయాన్ సిలికాన్‌ని తాకి, రెండు మూడు నానోమీటర్ల లోపలికి వెళ్లి ఆగిపోతుంది. ఇదంతా ఒక పికోసెకను కూడా పట్టదు. ఆ కాస్త సమయంలో దారిలో ఉన్న పరమాణువుల్ని గుద్దుతుంది, అవి పక్కవాటిని గుద్దుతాయి. చాలా పరమాణువులు చోటు మారతాయి. వాటిలో పైకి ఎగిరి వాక్యూమ్‌లోకి పోయేది సగటున ఒకటి, అటూ ఇటూ.

ఇందులో మెలిక ఏమిటంటే, అయాన్ తాకిన చోటు వేరు, దాని శక్తి ఎక్కువగా దిగిన చోటు వేరు. శక్తి దిగేది ఉపరితలానికి కొంచెం కింద. ఇప్పుడు ఉపరితలం మీద చిన్న గుంట, పక్కనే చిన్న మిట్ట ఉన్నాయనుకోండి. గుంట అడుగున ఉన్న పరమాణువుకి చుట్టుపక్కల వాలుల మీద పడ్డ అయాన్ల శక్తి కూడా దగ్గరగా ఉంటుంది. మిట్ట కొనకి పక్కవాలుల కింద దిగిన శక్తి దూరమవుతుంది. అందుకని గుంట మిట్ట కన్నా వేగంగా అరుగుతుంది. గుంట ఇంకా గుంటవుతుంది. ఈ లెక్కను 1973లో సిగ్మండ్ చూపించాడు. అస్థిరత అనే మాటకు ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదొక్కటే జరిగితే ఉపరితలం చిందరవందరగా గుంటలు పడిపోవాలి. దీనికి ఎదురుగా ఇంకోటి నడుస్తూ ఉంటుంది. ఉపరితలం మీద పరమాణువులు కదిలి, మిట్టల మీంచి గుంటల్లోకి చేరి చదును చేస్తుంటాయి. ఈ చదును చిన్న చిన్న ముడతల మీద చాలా గట్టిగా పనిచేస్తుంది, పెద్ద అలల మీద బలహీనంగా పనిచేస్తుంది. 1950ల చివర్లో మలిన్స్ దీని లెక్క తేల్చాడు. అల పొడవు సగమైతే చదునయ్యే వేగం 16 రెట్లవుతుంది. అరుగుదల వల్ల పెరిగే వేగం మాత్రం అల పొడవు సగమైతే 4 రెట్లే.

ఈ రెండిటినీ పోటీకి పెట్టండి. మరీ చిన్న అలల్ని చదును మింగేస్తుంది. మరీ పెద్ద అలలు పెరుగుతాయి గానీ మందకొడిగా. మధ్యలో ఒక పొడవు దగ్గర అల అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది. మైక్రోస్కోప్‌లో కనిపించేది అదే. దాని పొడవు, చదును బలానికి రెండు రెట్లను అరుగుదల బలంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో గుణిస్తే వస్తుంది.

అదుపు చేయడమంటే ఏమిటో ఈ వాక్యంలోనే ఉంది. పరమాణువుల్ని మనం పట్టుకుని పేర్చడం లేదు. పోటీ పడుతున్న ఆ రెండింటిలో దేన్ని ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్నదే మన చేతిలో ఉంది.

గోదావరి ఇసుక మీద పడే అలలూ ఇవీ ఒకటేనా?

అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ఆటు సమయంలో నీరు తీసేశాక ఇసుక మీద అలలు చూసే ఉంటారు. వేసవిలో పాయలు ఎండిన చోట పొడి ఇసుక తిన్నెల మీద గాలి వేసే అలలు ఇంకా బాగుంటాయి. రెండు మిట్టల మధ్య ఐదు సెంటీమీటర్లు అనుకుంటే, సిలికాన్ మీద 50 నానోమీటర్ల అల దానికి పది లక్షల వంతు చిన్నది. ఒక్క ఇసుక రేణువు వెడల్పులోనే అలాంటి అలలు వేలల్లో పడతాయి.

పోలిక ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తప్పుతుంది అన్నది కాస్త నిదానంగా చూడాలి. మొదటి చూపులో తేడా పెద్దదే. ఇసుక ఎక్కడికీ పోదు, ఇక్కడినుంచి లేచి అక్కడ పడుతుంది. స్పట్టరింగ్‌లో ఎగిరిన పరమాణువు వాక్యూమ్‌లోకి పోయి తిరిగి రాదు. అందుకే చాలాకాలం ఇసుక పోలికను బొమ్మ బాగుందని చూపించడానికే వాడారు.

తర్వాత కథ మారింది. గాలికి ఎగిరిన ఇసుక రేణువు ఏటవాలుగా వచ్చి పడి, అక్కడున్న రేణువుల్ని కొంచెం ముందుకు నెడుతుంది. ఇసుక అల పెరగడంలో ఈ నెట్టుడు పాత్ర పెద్దది. అయాన్ కూడా అంతే. ఒక పరమాణువుని బయటికి పంపేలోగా ఎన్నో పరమాణువుల్ని తను వెళ్లే దిక్కులోకి కాస్త కాస్త జరుపుతుంది. 1996లో కార్టర్, విష్న్యకోవ్ ఈ జరుగుడుని లెక్కలోకి తెచ్చారు. ధార నిలువు నుంచి 45 డిగ్రీల లోపు వంపులో ఉంటే ఈ నెట్టుడు గుంటల్ని పూడుస్తుంది, దాటితే మిట్టల్ని పెంచుతుంది. తక్కువ శక్తి అయాన్లతో సిలికాన్ మీద చేసిన జాగ్రత్తైన ప్రయోగాలు, 2011 నాటికి వచ్చిన కంప్యూటర్ లెక్కలు చూస్తే, ఎగిరిపోయిన పరమాణువుల కన్నా జరిగిన పరమాణువుల ప్రభావమే ఎక్కువని తేలింది. గాలి వేసే ఇసుక అలల సమీకరణాల్ని అయాన్ల సమస్యకు సరిదిద్ది వాడినవాళ్లు కూడా ఉన్నారు. బొమ్మ కోసం వాడిన పోలిక లోపలి పనితీరులో కూడా నిజం కావడం నాకు ఎప్పటికీ సంతోషాన్నిచ్చే విషయం.

ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. ఇసుకలో రేణువులకు ఒకదాన్నొకటి పట్టుకునే బంధాలు లేవు. సిలికాన్‌లో ఉన్నాయి. అయాన్లు తగిలిన సిలికాన్ పై పొర కొన్ని నానోమీటర్ల మందాన స్ఫటిక క్రమం పోగొట్టుకుని అమార్ఫస్ అవుతుంది. అయాన్లు తగులుతున్నంతసేపూ ఆ పొర చిక్కటి ద్రవంలా మెల్లగా పారుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర చదును పని ఎక్కువగా చేసేది ఈ పారుడే.

అలల పొడవుని మనకు కావలసినట్టు మార్చాలంటే ఏం తిప్పాలి?

ముందు చెప్పాల్సింది కోణం. ధార నిట్టనిలువుగా దిగితే 0 డిగ్రీలు అనుకోండి. శుభ్రమైన సిలికాన్ మీద తక్కువ శక్తి ఆర్గాన్‌తో దాదాపు 45 నుంచి 50 డిగ్రీల దాకా ఏమీ రాదు. నునుపుగానే ఉంటుంది, గరుకుగా ఉన్నది ఇచ్చినా నునుపవుతుంది. ఆ గీత దాటాక అలలు మొదలవుతాయి, వాటి మిట్టలు ధార దిక్కుకి అడ్డంగా ఉంటాయి. ఇంకా వంచి దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా చేస్తే మిట్టలు ధార వెంబడే తిరుగుతాయి. అంటే సిలికాన్ మీద అలల దిక్కు కోణం చేతిలో ఉంది.

శక్తి పెంచితే అయాన్ లోతుగా వెళ్తుంది, అలలు పెద్దవవుతాయి. కొన్ని వందల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర 20, 30 నానోమీటర్లున్నవి, పదుల కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర వందల నానోమీటర్లకు పోతాయి. ఎక్కువ ల్యాబ్‌లలో మొదట చేయి వేసేది దీని మీదే.

ఉష్ణోగ్రత సంగతి పదార్థాన్ని బట్టి. వెండి, రాగి లాంటి లోహాల స్ఫటికాల మీద కొన్ని పదుల డిగ్రీల తేడాకే అలల పొడవు, దిక్కు కూడా మారిపోతాయి. లోహంలో పరమాణువులు ఉపరితలం మీద సులువుగా తిరుగుతాయి. ఒక పరమాణు పొర ముగిసే మెట్టు అంచు దగ్గర కిందికి దిగడానికి వాటికి ఒక అడ్డంకి ఉంటుంది, 1966 నుంచి దాన్ని ఎర్లిష్, ష్వోబెల్ పేర్లతో పిలుస్తారు. గది ఉష్ణోగ్రత సిలికాన్‌లో మాత్రం కాస్త వేడెక్కినంత మాత్రాన పెద్ద తేడా రాదు. జెర్మేనియంలో ఇంకో దారి ఉంది. దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ పైన ఉంచి అయాన్లు పంపితే పై పొర అమార్ఫస్ కాకుండా స్ఫటికంగానే మిగిలి, నిలువు ధారతోనే చదరంగం గళ్లలాంటి ప్యాటర్న్ వస్తుంది. 2013లో వచ్చిన ఆ ఫలితాన్ని రివర్స్ ఎపిటాక్సీ అన్నారు.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఒకచోట. శాంపిల్‌ని 60 డిగ్రీలు వంచితే అదే ధార రెండింతల వైశాల్యం మీద పరుచుకుంటుంది. అంటే చదరపు సెంటీమీటర్‌కి పడే అయాన్లు సగమే. కోణం మార్చి, టైమ్ మార్చకుండా పోల్చితే రెండు విషయాలు ఒకేసారి మార్చినట్టు. కొసైన్ పెట్టి లెక్క సరిచేయండి.

ఎన్ని అయాన్లు కావాలి? ఎంతసేపు పడుతుంది?

మామూలుగా చదరపు సెంటీమీటర్‌కి 10¹⁶ నుంచి 10¹⁸ దాకా. ఈ సంఖ్య చూసి గాభరా పడక్కర్లేదు, కరెంటు లెక్కలోకి మార్చితే అర్థమవుతుంది. చదరపు సెంటీమీటర్‌కి 10 మైక్రో ఆంపియర్ల ధార అంటే సెకనుకి దాదాపు 6.24×10¹³ అయాన్లు. 10¹⁷ చేరడానికి సుమారు 27 నిమిషాలు. సిలికాన్ ఉపరితలం మీద చదరపు సెంటీమీటర్‌కి దాదాపు 6.8×10¹⁴ పరమాణువులుంటాయి కాబట్టి, ఆ 27 నిమిషాల్లో ఒక్కో పరమాణు స్థానానికి దాదాపు 150 అయాన్లు తగిలినట్టు. ఒక్కో అయాన్‌కి ఒక పరమాణువు ఎగిరిపోతుందనుకుంటే పోయే మందం 20 నానోమీటర్లు. ఇంతే. కంటికి పలక అలాగే ఉందంటే ఆశ్చర్యం లేదు.

మొదట్లో అలల ఎత్తు చక్రవడ్డీలా పెరుగుతుంది. తర్వాత పెరుగుదల ఆగుతుంది, ఆకారం కొసలు దేరుతుంది, కొన్నిసార్లు పక్క అలలు కలిసిపోయి దూరం పెరుగుతుంది. 1995లో కుయెర్నో, బారబాసి ఈ దశకు కురమోటో, శివషిన్స్కీ పేర్లున్న సమీకరణాన్ని తెచ్చారు. డోస్, అంటే చదరపు సెంటీమీటర్‌కి పడ్డ మొత్తం అయాన్లు, ఎక్కువైతే ప్యాటర్న్ బాగుపడుతుందని గ్యారంటీ లేదు. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా అదుపులో భాగమే.

నిలువు ధారతో చుక్కలు వస్తాయని ఒకచోట, ఏమీ రాదని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

రెండూ నిజంగా జరిగినవే. వీటి వెనకాల ఉన్న కథ ఈ సబ్జెక్టులో అందరూ తెలుసుకోవాల్సింది.

1999లో ఫాక్స్కో బృందం గాలియం యాంటీమొనైడ్ మీదికి 420 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఆర్గాన్ అయాన్లను నిలువుగా పంపి, తేనెపట్టు క్రమంలో పేర్చినట్టు నానో చుక్కలు వచ్చాయని చూపించింది. ఒక్కో చుక్క దాదాపు 35 నానోమీటర్లు. ఒక్కసారిగా ప్రపంచమంతా దీని మీద పడింది. తర్వాత సిలికాన్ మీద కూడా నిలువు ధారతో చుక్కలు వచ్చాయని కొన్ని ల్యాబ్‌లు రాశాయి. అదే శక్తి, అదే డోస్, అదే సిలికాన్‌తో చేస్తే నునుపుగానే ఉందని వేరే ల్యాబ్‌లు రాశాయి. ఏళ్ల తరబడి ఇది తేలలేదు. సిద్ధాంతం రాసేవాళ్లు రెండు రకాల ఫలితాలకూ సరిపోయే సమీకరణం కోసం తంటాలు పడ్డారు.

చిక్కుముడి విప్పింది లోహం. 2005లో ఒక బృందం సిలికాన్ మీద నిలువు ధారతో చుక్కలు రావాలంటే మాలిబ్డినం కాస్త చేరాలని, చేరకపోతే నునుపుగా ఉంటుందని చూపింది. మరి మిగతా ల్యాబ్‌లలో లోహం ఎక్కడినుంచి వచ్చింది? శాంపిల్‌ని పట్టి ఉంచే క్లిప్పుల నుంచి, ఛాంబర్ గోడల స్టీలు నుంచి, అయాన్ గన్‌లో ఉండే గ్రిడ్‌ల నుంచి. ధారలో కొంత భాగం పక్కకు పోయి స్టీలుకి తగిలినా చాలు, ఇనుము పరమాణువులు ఎగిరి వచ్చి శాంపిల్ మీద పడతాయి. ఎవరూ కొలవలేదు కాబట్టి ఎవరికీ కనిపించలేదు. క్లిప్పులు తీసేసి, శాంపిల్ చుట్టూ సిలికాన్‌తోనే కప్పి చేస్తే నిలువు ధార కింద సిలికాన్ చదునుగానే ఉండిపోయింది. గాలియం యాంటీమొనైడ్‌లో చుక్కలు రావడానికి మాత్రం బయటి లోహం అక్కర్లేదు. అందులో రెండు మూలకాలు ముందే ఉన్నాయి, ఒకటి ఇంకోదాని కన్నా వేగంగా అరుగుతుంది. 2010లో బ్రాడ్లీ, షిప్‌మన్ దీనికి సిద్ధాంతం ఇచ్చారు.

ఆ తర్వాత జరిగినది నాకు ఇంకా నచ్చుతుంది. మలినం అనుకున్నదాన్నే పనిముట్టుగా మార్చుకున్నారు. ధారతో పాటు కొలత పెట్టి ఇనుముని కావాలనే చల్లడం మొదలుపెట్టారు. ఇనుము చేరిన చోట ఇనుము, సిలికాన్ కలిసిన సిలిసైడ్ అనే సమ్మేళనం ఏర్పడుతుంది, అది సిలికాన్ కన్నా నెమ్మదిగా అరుగుతుంది, అక్కడ మిట్ట లేస్తుంది. ఇనుము ఎంత, ఏ వైపు నుంచి అన్నది మార్చితే చుక్కలు, అలలు, నునుపు, ఏది కావాలంటే అది వస్తుంది.

మా పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. ల్యాబ్ నోట్‌బుక్‌లో శక్తి, కోణం, టైమ్ రాసి వదిలేయకండి. శాంపిల్ పక్కన ఏముంది, దేనితో బిగించారు, ముందురోజు ఆ ఛాంబర్‌లో ఏ లోహం పూశారు, ఇవన్నీ రాయండి. పనికిరాదనుకున్న ఆ వివరమే ఫలితాన్ని నిర్ణయించవచ్చు.

అలలు తిన్నగా ఉండవు, మధ్యలో చీలిపోతాయి. సరిచేయలేమా?

ఒక అల రెండుగా చీలే చోట వై ఆకారం కనిపిస్తుంది. ఉపరితలం మీద ఒక మూలన మొదలైన అలలకు, ఇంకో మూలన మొదలైనవాటికి ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. కలిసేచోట అతకవు. పూర్తిగా పోగొట్టడం కష్టం, తగ్గించడం కుదురుతుంది. ముందే లితోగ్రఫీతో, అంటే మాస్క్ పెట్టి గీసే పద్ధతితో, పెద్ద పెద్ద గట్లు వేసి, వాటి మధ్య చిన్న అలల్ని పెరగనిస్తే అవి గట్టుకి సమాంతరంగా సర్దుకుంటాయి. పెద్ద కొలతని మనిషి ఇస్తాడు, చిన్న కొలతని ప్రకృతి నింపుతుంది. ధార సమాంతరత కూడా చూసుకోవాలి, కోణంలో చెదురు ఎక్కువైతే క్రమం పాడవుతుంది.

ఎంత చేసినా ఫలానా చుక్క ఫలానా చోటే రావాలంటే ఈ పద్ధతి పనికిరాదు. ప్రాసెసర్ చిప్‌లో ట్రాన్సిస్టర్లని ఇలా పెట్టలేం. పెద్ద వైశాల్యం మీద చవగ్గా, సగటున క్రమంగా ఉంటే చాలు అనే పనులకే ఇది.

అయాన్లతోనేనా, ఇంకేవైనా దారులున్నాయా?

చాలా ఉన్నాయి. 1965లోనే బిర్న్‌బామ్ రూబీ లేజర్ తగిలిన సెమీకండక్టర్ మీద గీతలు చూశాడు. అక్కడ అలల పొడవుని ఎక్కువగా కాంతి తరంగదైర్ఘ్యమే నిర్ణయిస్తుంది. ఇంకోటి తీసేయడం కాకుండా పేర్చడంతో వచ్చేది. సిలికాన్ మీద జెర్మేనియం పెంచితే రెండు స్ఫటికాల కొలతలకు దాదాపు 4 శాతం తేడా ఉంటుంది. మొదటి కొన్ని పొరలు సర్దుకుని చదునుగా కూర్చుంటాయి, ఆ తర్వాత ఒత్తిడి భరించలేక దిబ్బలుగా లేస్తాయి. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్‌కి తేడా 7 శాతం, అందుకే అక్కడ రెండు పొరలు కూడా పూర్తికాకుండానే దిబ్బలు వస్తాయి. వీటినే క్వాంటమ్ డాట్స్ అని లేజర్లలో వాడతారు. టీవీల్లో వాడే క్వాంటమ్ డాట్స్, 2023లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చినవి, వేరు. అవి ద్రవంలో రసాయనికంగా చేసినవి. సెమినార్‌లో ఈ రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకోకండి.

మా కాలేజీలో చేయగలిగేది ఏదైనా ఉందా?

అల్యూమినియం ఆనోడైజింగ్. అయాన్ గన్ అక్కర్లేదు, వాక్యూమ్ అక్కర్లేదు. మంచి స్వచ్ఛత ఉన్న అల్యూమినియం రేకుని ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణంలో పాజిటివ్ వైపు పెట్టి 40 వోల్ట్‌ల డీసీ ఇస్తే, ఆక్సైడ్ పొరలో సన్నటి రంధ్రాలు వాటంతట అవే నిలువుగా పెరుగుతాయి. పక్క రంధ్రానికి దూరం దాదాపు 100 నానోమీటర్లు. వోల్టేజి మార్చితే దూరం మారుతుంది, వోల్ట్‌కి సుమారు 2.5 నానోమీటర్ల చొప్పున. 1995లో మసుదా, ఫుకుదా ఇందులో తేనెపట్టు క్రమం ఎంత చక్కగా వస్తుందో చూపించారు. అదుపు అనే మాట ఒక్క నాబ్‌తో అనుభవంలోకి వచ్చే ప్రయోగం ఇది.

మన వాతావరణంలో ఒక ఇబ్బంది ఉంది. ద్రావణం చల్లగా, పది డిగ్రీల లోపు ఉండాలి. మే నెలలో గది ఉష్ణోగ్రతతో మొదలుపెడితే కరెంటు ఎక్కువ లాగి, రేకు వేడెక్కి, పొర కాలిపోతుంది. చుట్టూ ఐసు పెట్టి, ద్రావణాన్ని కలుపుతూ చేయండి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, లెక్చరర్ పక్కన లేకుండా చేయొద్దు. క్రమం బాగా రావడానికి మొదటి పొరని క్రోమిక్ ఆమ్లంతో కడిగేసి మళ్లీ పెంచుతారు. ఆ రసాయనం చాలా ప్రమాదకరం, డిగ్రీ ల్యాబ్‌లో దాని జోలికి పోవద్దు. రంధ్రాలు మామూలు మైక్రోస్కోప్‌లో కనిపించవు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్నచోటికి పంపాలి.

ఉప్పు గాలి, తేమ ఉన్న మన ప్రాంతంలో అయాన్ బీమ్ ల్యాబ్ నడవదంటారు, నిజమేనా?

నడుస్తుంది, జాగ్రత్త ఎక్కువ కావాలి. తేమ గాలి లోపలికి పోతే నీటి ఆవిరి ఛాంబర్ గోడలకు పట్టుకుని, వాక్యూమ్ దిగడానికి గంటలు గంటలు తీసుకుంటుంది. తెరిచేటప్పుడు గది గాలి కాకుండా పొడి నైట్రోజన్ వదలాలి. శాంపిళ్లని సిలికా జెల్ పెట్టిన డెసికేటర్‌లో ఉంచాలి. సిలికాన్ మీద ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ ఎలాగూ ఉంటుంది, అయాన్లు మొదట్లోనే దాన్ని తీసేస్తాయి.

మధ్యలో కరెంటు పోతే?

గది ఉష్ణోగ్రతలో సిలికాన్ మీద ప్యాటర్న్ ఉన్నచోటే ఆగిపోతుంది, చెరగదు. వాక్యూమ్ పోకపోతే మిగిలిన డోస్ ఇచ్చి ముగించవచ్చు. పంపు ఆగి నూనె ఆవిరి వెనక్కి వస్తే మాత్రం ఆ శాంపిల్‌ని నమ్మకండి, కొత్తది పెట్టండి.

దీంతో రొయ్యల చెరువులకు ఉపయోగం ఏమైనా ఉందా సార్?

భీమవరం నుంచి వచ్చేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న. సూటిగా కాదు, ఒక దారి ఉంది. అలలున్న సిలికాన్ మీద వెండిని ఏటవాలుగా పూస్తే వెండి నానో కణాలు అలల వెంట వరసలు కడతాయి. అలాంటి వెండి కణాల మధ్య సందుల్లో కాంతి క్షేత్రం చాలా బలంగా ఉంటుంది. అక్కడ చేరిన పదార్థం ఇచ్చే రామన్ సంకేతం, అంటే అది తరంగదైర్ఘ్యం మార్చి చెదరగొట్టే కాంతి, ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1928లో సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావమే అది, ఇలా పెరగడం మొదట 1974లో గరుకు వెండి ఎలక్ట్రోడ్ మీద కనిపించింది. పురుగుమందుల జాడలు, యాంటీబయోటిక్ అవశేషాలు పట్టుకోవడానికి ఈ పద్ధతి మీద ప్రపంచమంతా పని జరుగుతోంది. యాంటీబయోటిక్ అవశేషాల వల్ల విదేశాల్లో రొయ్యల కన్‌సైన్‌మెంట్ తిరస్కరిస్తే రైతుకి ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. అయితే రేపే చెరువు గట్టు మీద పరీక్షించే కిట్ వస్తుందని నేను ఆశపెట్టను. చెరువు నీటిలో ఉండే నానా రకాల పదార్థాల మధ్య కావలసిన ఒక్కదాన్ని పట్టడం, పలక పలకకీ ఒకే సంకేతం రావడం, ఈ రెండూ తేలాలి. రెండోదానికి జవాబు ప్యాటర్న్‌ని ఎంత క్రమంగా చేయగలం అన్నదాని మీదే ఉంది.

మా అమ్మాయి ఇది చదువుతానంటోంది. ఎక్కడికి పంపాలి? ఉద్యోగం వస్తుందా?

ఎమ్మెస్సీ దాకా మన ప్రాంతంలోనే చదవవచ్చమ్మా. ఆ తర్వాత నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షలు రాయాలి. అయాన్ బీమ్ పని బాగా జరిగేచోట్లు మన దేశంలోనే ఉన్నాయి. ఢిల్లీలో యూజీసీ పెట్టిన ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్, కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్. దూరం అని టెన్షన్ పడకండి, సామర్లకోటలో రైలెక్కితే తెల్లారేసరికి భువనేశ్వర్ చేరొచ్చు. ఢిల్లీ సెంటర్‌లో యూనివర్సిటీ పరిశోధకులు ప్రపోజల్ రాసి బీమ్ టైమ్, అంటే అయాన్ ధార వాడుకునే సమయం, అడగొచ్చు. ఉద్యోగం అంటే, నానో అలలు తెలిసినందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. వాక్యూమ్ సిస్టమ్ నడపడం, పలచటి పొరలు పూయడం, మైక్రోస్కోప్‌తో కొలిచి నమ్మదగిన లెక్క ఇవ్వడం వచ్చినందుకు ఇస్తారు. సెమీకండక్టర్ కంపెనీలకు కావలసింది ఆ చేతిపనే.

ఇంట్లో లాప్‌టాప్ ఉంది. దాంతో మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా. అయాన్ ఎంత లోతుకి వెళ్తుందో చూడటానికి శ్రిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మైక్రోస్కోప్ బొమ్మల్ని విశ్లేషించి అల పొడవు కొలవడానికి గ్విడియన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. పైథాన్ వచ్చినవాళ్లు కురమోటో శివషిన్స్కీ సమీకరణాన్ని ఒకే దిశలో రాసుకోండి. ఎత్తు మారే వేగం మూడు ముక్కల మొత్తం: అస్థిరత గుణకానికి మైనస్ పెట్టి రెండో అవకలనితో, చదును గుణకానికి కూడా మైనస్ పెట్టి నాలుగో అవకలనితో గుణించాలి, వాలు వర్గంలో సగం కలపాలి. రెండు గుణకాలూ 1 పెట్టి, వంద యూనిట్ల పొడవు తీసుకుని, అంచుల్ని ఒకదానికొకటి కలిపేసి, మొదట చిన్న రాండమ్ ఎత్తులు ఇవ్వండి. కాసేపటికి అలలు లేస్తాయి. పైన చెప్పిన సూత్రం ప్రకారం మొదట వచ్చే అల పొడవు 8.89 ఉండాలి, అంటే వందలో పదకొండు అలలు. తర్వాత వాలు వర్గం పని మొదలై అలలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ప్రోగ్రాం పేలిపోతోందని ఫోన్ చేసేవాళ్లకి: సాదా పద్ధతిలో టైమ్ స్టెప్, గ్రిడ్ దూరం నాలుగో ఘాతంలో ఎనిమిదో వంతు కన్నా తక్కువ ఉండాలి. గ్రిడ్ దూరం సగం చేస్తే టైమ్ స్టెప్ పదహారో వంతు చేయాలి.